మనిషికో జాడీ నిశ్శబ్దం

అడవిలో ఉన్న నిశ్శబ్దమంతా ఖర్చయిపోయింది కాబట్టి, అక్కడి కర్రింట్లో దిగేవాళ్ళు తమకి కావలసిన నిశ్శబ్దం ఇంటినుంచే తెచ్చుకోవాలని వనవిహార శాఖ నిబంధన పెట్టింది. దుప్పట్లు, టార్చిలైటు, దోమతెర లాగే ఇదీను. తప్పేముంది? వచ్చిన ప్రతివాడూ వెళ్తూ వెళ్తూ కాస్త మూటగట్టుకు పోతుంటే అడవి మాత్రం ఎక్కణ్ణించి తెస్తుంది! మనిషికో జాడీ నింపి, మూతికి వాసెన గుడ్డ కట్టి ఉంచాలి. ఇన్‌స్పెక్టరు చూసి సీలు వేస్తేనే గది ఇస్తారు.

ఏలూరులో కరెంటాఫీసు గుమాస్తా కోదండపాణి, ఆయన భార్య హైమవతి ఆ కర్రింటికి దరఖాస్తు పెట్టుకున్నారు. పాపికొండల వెనకాల వాగు ఒడ్డున ఒంటిగది అది. కరెంటు లేదు, ఫోను పలకదు, నీళ్ళు వాగులోంచి ముంచుకోవాలి, వంట మూడు రాళ్ళ పొయ్యిమీద. పాణి ఒప్పుకున్నది ఆఫీసులో అందరూ వెళ్ళొచ్చారని. హైమ సంగతి వేరు. ఆవిడకి అడవీ అక్కర్లేదు, వాగూ అక్కర్లేదు. ఫోనూ టీవీ లేనిచోట నాలుగ్గోడల మధ్య కూచోబెడితే ఈ మనిషి తనతో మాట్లాడకపోతాడా అని ఆశ. పాపం, ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

వాళ్ళిద్దరూ దెబ్బలాడుకోలేదు. దెబ్బలాడుకున్నా బాగుండును. పెళ్ళయిన కొత్తలో పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేటన్ని కబుర్లు చెప్పుకున్నవాళ్ళే. ఆ తరవాత ఎప్పుడో, ఏ రోజో తెలీదు, పాలు తోడుకున్నట్టు ఇల్లంతా గమ్మున తోడుకుపోయింది. కంచంలో పెడితే తింటాడు, ఇస్త్రీ బట్టలు మంచంమీద ఉంటే తొడుక్కుంటాడు. ఇంక మాటతో పనేముంది?

కొలతల ఇన్‌స్పెక్టరు జోగారావు మొదటి తనిఖీకి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, పాల చిక్కదనం చూసే గాజుపుల్లలాంటిది సంచీలోంచి తీసి, భోజనాల బల్లమీద పాణి కూచునే వైపు గాల్లో నిలబెట్టాడు. పుల్ల తొణక్కుండా బెణక్కుండా నిలబడిపోయింది.

"ఆయ్, అద్భుతమండీ! ఇంత చిక్కటి సరుకు ఈమధ్య చూళ్ళేదు" అన్నాడు.

"ఏ ఇంట్లోనైనా ఇలాగే ఉంటుంది కదండీ?" అంది హైమ.

"అబ్బే! చాలామంది అలక పట్టుకొచ్చి ఇదే నిశ్శబ్దం అంటారమ్మా. అలక మేం తీసుకోం. అందులో ఎదురుచూపు ఉంటుంది, నిలవుండదు. ఇదిగో, అయ్యగారి వైపు చూడండి, ఎదురుచూపన్నది చుక్క లేదు. మీ వైపే కొంచెం పల్చగా ఉంది. పర్లేదు లెండి, మీకూ అలవాటైపోతుంది."

అలవాటైపోతుందన్న మాటే హైమకి నచ్చలేదు. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా, కాఫీ ఇచ్చి పంపింది.

ఆ సాయంత్రమే అటకమీంచి రెండు ఆవకాయ జాడీలు దింపి, కడిగి, మర్నాడు ఎండలో పెట్టి, పొడిగుడ్డతో తుడిచింది. మాట తడి తగలనివ్వరాదని శాఖవారు మరీమరీ చెప్పారు. భోజనాలప్పుడు జాడీలు బల్లమీద పెడితే పెరుగన్నం దాకా రాకుండానే నిండిపోయాయి. వాసెన కట్టి ఓ మూల పెట్టింది.

జాడీ పెట్టాక మూడోరోజు మూత తీసి తిరగ కలపాలి కదా. బరువు జాడీలని ఆ ఇంట్లో ఏటా ఆ పని పాణిదే. లోపలున్నది ఆవకాయ కాదని ఆయనకీ తెలుసు. తెలిస్తే మాత్రం చెయ్యి ఊరుకుంటుందా! వాసెన విప్పాడు, చెక్కగరిటె దింపాడు, అడుగునుంచి పైకి తిప్పాడు, ఒకప్పుడు ఏటా అనే మాటే అనేశాడు.

"హైమా, ఉప్పు సరిపోయిందేమో చూడు."

ఎన్నాళ్ళకి పేరు పెట్టి పిలిచాడమ్మా! వంటింట్లో ఆవిడ చేతిలో కత్తిపీట మీది బెండకాయ అలాగే ఉండిపోయింది. లేచి వచ్చి, జాడీలోకి తొంగిచూసి, ఆయన మొహంలోకి చూసి, "సరిపోలేదండీ" అంది.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఇంకేముంది, ఉప్పు దగ్గర మొదలైన మాట లాంతరు మీదికి, లాంతరు మీంచి అడవిలో పాముల మీదికి పోయింది.

"పామొస్తే ఏం చేస్తారు?"

"నిన్ను లేపుతాను."

"నేను లేచాక?"

"ఇంక పామే పారిపోతుంది."

"చాల్లెండి సంబడం" అంది హైమ. చెంపలు వేడెక్కాయి ఆవిడకి.

సీలు వెయ్యడానికి వచ్చిన జోగారావు జాడీలకి చెవి ఆనించి పెదవి విరిచాడు. "నవ్వు పడిందండీ ఇందులో. రెండోదానికీ అంటుకుంది. బూజొచ్చేసింది. శుక్రవారం దాకా గడువిస్తాను, నోరు కట్టుకు కూచోండి, మళ్ళీ నిండుతాయి."

కూచున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇద్దరూ నిజాయితీగానే కూచున్నారు. పాణి అన్నం తింటూ ఏదో అనబోయి మింగేసేవాడు. హైమ వడ్డించేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. శుక్రవారం దగ్గరపడేకొద్దీ ఆవిడకి భయం పట్టుకుంది. నోరు విప్పకపోవడం సులువుగానే ఉంది. మళ్ళీ ఆ పాతదే తోడుకుంటోందా? ఆ మనిషి మళ్ళీ చెయ్యిజారిపోతున్నాడా? అడగడానికి లేదు. అడిగితే జాడీ పోతుంది.

శుక్రవారం జోగారావు పుల్లని జాడీలో దింపాడు, తీశాడు, తుడిచి మళ్ళీ దింపాడు. అనుమానం తీరక బల్లమీద పాణి వైపు నిలబెట్టాడు. పుల్ల గిలగిలా కొట్టుకుంది.

"లాభం లేదమ్మా. అయ్యగారి వైపంతా ఎదురుచూపే. మీ మాటకోసమే కూచున్నాడీయన. రద్దు చెయ్యక తప్పదు."

హైమకి కళ్ళు నిండిపోయాయి. గది పోయినందుకనుకుని జోగారావు మెత్తబడ్డాడు.

"బాధపడకండమ్మా. మళ్ళీ పోగవుతుంది. మీరు ప్రత్యేకం ఏమీ చెయ్యక్కర్లేదు, దానంతటదే పోగవుతుంది. ఎవరింట్లోనైనా అంతే. అప్పుడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి."

చెప్పులు తొడుక్కుని ఎదురు ఫ్లాటులోకి వెళ్ళాడు. అక్కడ ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోను వాళ్ళు. జాడీలు చాలక డ్రమ్ములకెత్తారు. పైఅంతస్తులోనూ అంతే. ఇప్పుడు నెలనెలా శాఖవారి వ్యాను ఆ అపార్టుమెంటుకే వస్తుంది, అడవికి లోటు లేదు. కర్రింట్లో దిగినవాళ్ళు కళ్ళు మూసుకుని, ఆహా, ఎంత ప్రశాంతం, ఇలాంటిది ఊళ్ళో దొరుకుతుందా అని మురిసిపోతున్నారట.

హైమ ఆ రెండు జాడీల్లోనూ ఆవకాయ పెట్టేసింది. ఇంట్లో ఖాళీ జాడీ ఉంచడానికి ధైర్యం చాల్లేదు. మామిడికాయ ముక్కలు పాణే దగ్గరుండి కొట్టించుకొచ్చాడు. మూడోరోజు తనే కలిపాడు.

అయితే జోగారావు చెప్పింది అబద్ధమేం కాదు. ఒక్కో సాయంత్రం ఈయన ఫోను తీస్తాడు, ఆవిడ టీవీ పెడుతుంది, ఇల్లు మెల్లిగా చిక్కబడ్డం మొదలెడుతుంది. ఇద్దరికీ తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు, "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతారు.

"సరిపోలేదు" అంటారు రెండోవాళ్ళు. ఉప్పు సరిగ్గా సరిపోయిన ఏడు కూడా, సరిపోయిందని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనరు.