పద్నాలుగో మంచం మీది నొప్పి

నాపరాళ్ళ క్వారీలో పనిచేసిన నాసరయ్య మాఘమాసంలో చనిపోయాడు గానీ, అతని నొప్పి మాత్రం పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డులో పద్నాలుగో మంచం మీద ఇంకా వైద్యంలోనే ఉంది. ఇందులో ఎవరి పొరపాటూ లేదు. చేరిన రోజు నర్సులు రాసిన కాగితంలో "ఎడమ తుంటిలో తీవ్రమైన నొప్పి, పదికి ఏడు. రెండు రోజుల్లో మూడుకంటే కిందికి దించాలి" అని ఉంది. అతని ప్రాణం తీసింది ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము. దానికి వేరే విభాగం ఉంది. మనిషి పోయేటప్పటికి తుంటి అంకె ఏడు మీదే నిలిచింది. లక్ష్యం నెరవేరని కాగితాన్ని మూయకూడదు. అందుకని శవాన్ని ఇచ్చేసి, నొప్పిని ఉంచుకున్నారు.

ఆ వార్డులో ముప్పై మంచాలుంటే ఇలాంటివి పంతొమ్మిది. మిగతా మంచాల మీద మనుషులు ఇద్దరిద్దరు సర్దుకుని పడుకునేవారు. అక్కడా పట్టనివాళ్ళు వరండాలో చాపల మీద.

నాసరయ్య భార్య సైదమ్మ రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చేది. పద్నాలుగో మంచం మీద, ఎడమ పక్కన, తుంటి ఆనినంత మేర పరుపు గుంటపడి వెచ్చగా ఉండేది. దానికి నోరు లేదు కనక అంకె చెప్పవలసింది వెంట ఉండే అటెండెంటే. సిస్టర్ సువార్త నాలుగు గంటలకోసారి అట్ట పట్టుకుని వచ్చి "ఎంత?" అని అడిగేది. "ఏడు," అనేది సైదమ్మ. సిస్టర్ రాసుకుని, నొప్పిని ఒత్తిగిలి పడుకోబెట్టి, దిండు ఎగదోసి, వేడినీళ్ళ సంచి పెట్టి వెళ్ళేది.

కాగితంలో ఇంకో పని సైదమ్మ పేరున రాసి ఉంది: "మాటలతో ధ్యాస మళ్ళించాలి." ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళకి ఆ పని పడలేదు. ఆయన క్వారీకి, ఆమె మిరప కోతలకి. కంచం దగ్గర "ఉప్పు" అంటే "ఊఁ" అనడమే తప్ప మాటలుండేవి కావు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని అన్నీ చెప్పేది. గేదె దూడని దగ్గరికి రానివ్వని సంగతి, పక్కింటివాళ్ళు గోడ జరిపిన సంగతి. పెళ్ళైన కొత్తలో ఆయన తెచ్చిన ఆకుపచ్చ గాజులు చిన్నవైతే, ఆ మాట చెప్పలేక సబ్బు రాసుకుని ఎక్కించుకున్న సంగతి కూడా చెప్పింది. అది విన్నప్పుడు గుంట కాస్త కదిలింది.

కార్తీకంలో తనిఖీ వస్తుందన్నారు.

"రెండు రోజుల లక్ష్యానికి తొమ్మిది నెలలయింది సైదమ్మా," అంది సిస్టర్. "రెండు అని చెప్పకూడదూ? మూసేసుకుంటా."

"ఉన్నదే చెప్పాలి గదమ్మా."

"నువ్వు ఉన్నదే చెబుతున్నావా?"

సైదమ్మ దిండు సర్దింది. వేసవిలోనే గుంట పూడడం మొదలైంది. వెచ్చదనమూ తగ్గుతోంది. కానీ మూడుకి లోపు దిగిందంటే దుప్పటి మార్చేస్తారు. రేపటి నుంచి ఆమె ఎవరి దగ్గరికి రావాలి?

ఆ వారం కిటికీ అవతల వరండాలో గాలెయ్య అనే ఆటోవాడు పడున్నాడు. కాలు రెండు చోట్ల విరిగింది. వెంట ఎవరూ లేరు.

"ఏం అత్తా, మామ నొప్పికేమో పరుపు, నాకేమో చాపా? నేనూ చచ్చి రావాలా ఏంటి?" అనేవాడు.

"నోరు కడుక్కో ముందు," అని సైదమ్మ కిటికీలోంచి ఇడ్లీ పొట్లం అందించేది.

మూడో రోజు అతను పరాచికాలాడలేదు. గోడకేసి తిరిగి పిడికిలి కొరుక్కుంటున్నాడు. సైదమ్మ సిస్టర్‌ని పిలిచి, "ఇతనికెంతో అడగమ్మా," అంది.

"మంచం నెంబరు ఉంటేనే కాగితం. కాగితం లేనివాడి నొప్పి ఎక్కడ రాయను?" అంది సిస్టర్, అతని వైపు చూడకుండా.

సైదమ్మే అడిగింది.

"ఎందాకా ఉంటాయి అత్తా అంకెలు?" అన్నాడు గాలెయ్య.

"పది."

"అయితే పదీ నావే."

ఆమె వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. గుంట మీద అరచెయ్యి ఆనించి, "ఏమయ్యా, ఎంత?" అంది. ఈ తొమ్మిది నెలల్లో దాన్ని అడగడం అదే మొదలు. పొయ్యి ఆర్పేశాక బూడిదలో మిగిలేపాటి వెచ్చదనం చేతికి తగిలింది. సిస్టర్ వచ్చేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

"రెండమ్మా."

సిస్టర్ ఒకసారి ఆమె మొహంలోకి చూసి, "లక్ష్యం నెరవేరింది" అని రాసి ముద్ర వేసింది. దుప్పటి లాగేశారు. గాలెయ్యని నలుగురు ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. పది నిమిషాల్లో ఇంజెక్షన్ వచ్చింది.

"మరి ఈయన్నేం చేస్తారు?" అంది సైదమ్మ.

"మూడుకి లోపుంటే రూలు ప్రకారం అది నొప్పి కాదు. ఆసుపత్రికి సంబంధం లేదు. పట్టుకెళ్తే కాదనేవాళ్ళుండరు."

సిస్టర్ లాగేసిన దుప్పటి మడతల్లోంచి దాన్ని రెండు చేతులతో తీసి అందించింది. సైదమ్మ దాన్ని చంటిబిడ్డలా ఎడమ తుంటి మీదికి ఎత్తుకుంది. తనకి అక్కడ కొలత తీసి చేసినట్టు అమరింది. మెట్లు దిగుతుంటే కాలు కొద్దిగా ఈడ్చుకుంది.

సాయంత్రం బస్సులో ఆడవాళ్ళు చాలామంది ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు. రోజూ ఎక్కే బస్సే అయినా సైదమ్మ ఇన్నాళ్ళూ గమనించలేదు. కిటికీ పక్కనున్న ఆమె జరిగి చోటిచ్చింది.

"ఎంత?" అంది, ఏ ఊరని అడిగినట్టు.

"రెండక్కా. ఇవాళే ఇచ్చారు."

"మాది ఒకటే. ఆరేళ్ళయింది." ఆమె కొంగు సర్దుకుని పక్కటెముకల మీద చెయ్యి వేసుకుంది. "ఆ ఒకటీ ఏ రోజు పోతుందోనని భయం."