తెరచాప లేని పడవ

పొద్దున్నే మత్స్యశాఖ డైరెక్టరుగారిని పడవెక్కించి, సముద్రంలో కాస్త తిప్పి తెచ్చి, టీ ఇచ్చి పంపాలి. చేపలు పట్టేవాళ్ల సంఘం అధ్యక్షుడి పథకం అంతే. తాతల కాలం నాటి రూలు ఒకటి వాళ్ల ప్రాణం తీస్తోంది: తెరచాప లేని పడవ వేటకు వెళ్లరాదు. పడవలన్నిటికీ ఇంజన్లు వచ్చి ఏళ్లు గడిచినా రూలు మాత్రం కదల్లేదు. కొందరు పాత దుప్పటి ఒకటి వెదురుకు చుట్టి పడవలో పడేసుకుని నెట్టుకొస్తున్నారు. అదీ లేనివాళ్ల పడవలకు రేవు కాపలాదారు గొలుసు వేస్తున్నాడు. ఆ దుప్పటి వాలకం చూస్తే డైరెక్టరుగారే నవ్వేసి రూలు కొట్టేస్తారని అధ్యక్షుడి నమ్మకం.

పై అధికారి వస్తున్నాడని తెలిసి కాపలాదారు ఆ రోజు మరీ బిగుసుకున్నాడు. దుప్పటి చిరుగులోంచి వేలు దూర్చి చూపించి, ఇది తెరచాప కిందకు రాదన్నాడు. అధ్యక్షుడు ఇంటికి పరుగెత్తాడు. భార్య వంటింట్లో ఉండగా, ముందుగది కిటికీకి కొత్తగా వేసిన పువ్వుల కర్టెన్‌ని చప్పుడు కాకుండా ఊడదీసుకొచ్చాడు.

ఎక్కువ దూరం పోమని, ఊరికే అలా వెళ్లొస్తామని అల్లుడికి ముందురోజే చెప్పాడు. అలాంటప్పుడు మామగారికి అంత డీజిలెందుకని అల్లుడు దాన్ని తన పడవలోకి తోడేసుకున్నాడు.

ఒడ్డు సన్నని గీతలా కనిపించే చోట ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. ఫోన్లు పలకలేదు.

"ఏమయ్యా, ఇప్పుడెలా?" అన్నారు డైరెక్టరుగారు పడవ అంచు పట్టుకుని.

అధ్యక్షుడు వెదురు అందుకున్నాడు. ఏది పనికిరాదని చూపించడానికి వచ్చాడో దాన్నే వెదురుకు కట్టి నిలబెట్టాడు. కర్టెన్ గాలి పోసుకుని బొజ్జలా ఉబ్బింది. పడవ బుద్ధిగా ఒడ్డుకు బయల్దేరింది. అతను లోలోపల దాన్ని చిరిగిపొమ్మని ఒకసారి, చిరగొద్దని ఒకసారి వేడుకుంటూ కూర్చున్నాడు.

రేవులో కాపలాదారు, అల్లుడు, భార్య వరుసగా నిలబడి ఉన్నారు. భార్య మొగుడి వంక చూడటం లేదు, పైన పువ్వుల వంక చూస్తోంది. ఇసుక మీద కాలు పెట్టగానే డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి.

"ఈ రూలు రాసినవాళ్లకి దండం పెట్టాలయ్యా," అన్నారు.

"అది కాదండీ, అసలు మేం కోరేదేమిటంటే..."

"నాకు తెలుసు. రూలు మార్చే తీరాలి. ఆ పూచీ నాది."

సంఘంవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. నెల తిరక్కుండా కొత్త రూలు వచ్చింది: ఇకపై ప్రతి పడవలోనూ తెరచాపలు రెండు ఉండాలి.