రెండు వందల పన్నెండో పేజీ

పండిత గ్రంథం రాయడానికి ఒక మనిషి చాలు. దాన్ని మరో మనిషి చదివాడని తేల్చడానికి మాత్రం ఒక కార్యాలయం కావాలి. ఈ సత్యాన్ని గుర్తించే మా విశ్వవిద్యాలయం పఠన ధ్రువీకరణ విభాగాన్ని నెలకొల్పింది. సాహిత్యం, నాటకం, చరిత్ర, రాజకీయం, దేని మీద కొత్త పుస్తకం వచ్చినా సరే, ఏడుగురు ‘చదివాను’ అని సంతకం పెడితేనే రాసినవారికి ఆచార్య పదవి. (పుస్తకం బాగుందా అని మాత్రం ఎక్కడా అడగరు. అది వ్యక్తిగత విషయం.)

మా వదిన నాటకశాఖలో పద్నాలుగేళ్లుగా సహాయాచార్యురాలు. తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయిన నటుడికి గుసగుసగా అందించే ప్రాంప్టర్ల చరిత్రను నాలుగు వందల పేజీల్లో రాసింది. నెలాఖరులోగా ఏడు సంతకాలు రాకపోతే పదవి పక్క గదిలో కూర్చునే, ఇంతకు పావు వంతు పుస్తకం రాసినాయనకు పోతుంది.

ఆరు సంతకాలు మూడు రోజుల్లో వచ్చిపడ్డాయి. ఇందులో వింతేమీ లేదు. పండితులు కొత్త పుస్తకాన్ని వెనక నుంచి తెరుస్తారు. ఇండెక్సులో తమ పేరుంటే అది ప్రామాణిక గ్రంథం, లేకపోతే తొందరపాటు రచన. వదిన ముందుచూపుతో 212వ పేజీలో ఆరుగురు పెద్దలకూ తలా ఒక పొగడ్త కేటాయించింది. ఆరుగురూ ఇండెక్సులో తమ పేరు చూసుకుని, ‘212వ పేజీలోని చర్చ చాలా లోతైనది’ అని రాసి పంపారు.

ఏడో సంతకం కోసం వదిన, రిటైరైన ప్రాంప్టరు బాబాయి దగ్గరికి వెళ్లింది. (చుట్టం కాదు, నాటకాల వాళ్లందరికీ ఆయన బాబాయే. చుట్టాల పఠనం చెల్లదు.) మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా పెదవులు కదుపుతూ చదవడం తప్ప ఆయనకు మరో రకంగా చదవడం చేతకాదు. పది రోజులు పట్టింది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు.

“మా మీద కూడా పుస్తకం రాస్తారనుకోలేదమ్మా. అంతా బాగుంది గానీ, 212వ పేజీ ఖాళీగా ఉందేంటి?”

వదిన గబగబా మిగతా కాపీలు తిరగేసింది. ప్రతి కాపీలోనూ అంతే. ప్రెస్సు వాళ్లు ఆ పేజీని తెల్లగా వదిలేశారు. అప్పటికే బాబాయి ఆ సంగతి ధ్రువీకరణ పత్రంలో నిజాయితీగా రాసి పంపేశాడు.

ధ్రువీకరణాధికారి నాలుగు రోజులు పరిశీలించి, జవాబు జతచేసి పత్రాన్ని తిప్పి పంపాడు. ఆరుగురు ఆచార్యులు లోతైనదని తేల్చిన పేజీ ఈ పాఠకుడి కంటికి ఆనలేదు కనుక, ఇతను పుస్తకం చదవలేదని రుజువైనట్టు ఆ జవాబులో ఉంది. నెలాఖరు రోజున వదిన బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ తెల్ల కాగితాన్ని అధికారి ముందు తెరిచి పట్టుకుంది. ఆయన దానివైపు చూడకుండా, ఎంతో మర్యాదగా కుర్చీ చూపించాడు.

“సొంత పుస్తకం గురించి రచయిత సాక్ష్యం చెల్లదమ్మా. తొమ్మిదో నిబంధన.”

వదినకు నోట మాట రాలేదు. నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా, తలుపు చాటు నుంచి బాబాయి గొంతు మెల్లగా వినిపించింది.

“ఈయన పేరు కూడా ఇండెక్సులో వెయ్యమ్మా.”

వదిన వరండాలోకి వెళ్లి, సవరణ చీటీ ఒకటి రాసి ఇండెక్సులో అతికించి తెచ్చింది. అధికారి పుస్తకాన్ని బోర్లా తిప్పి, వెనక నుంచి తెరిచి, వేలితో పేర్ల వెంట కిందికి దిగాడు. ఒకచోట వేలు ఆగింది, ముఖం చేటంత అయింది. (అధికారి పాఠకుడు కాకూడదని ఏ నిబంధనలోనూ లేదు.) ఏడో సంతకం అక్కడికక్కడే పడింది. 212వ పేజీని ఇంకాస్త విస్తరించి ఉంటే బాగుండేదని ఒక సూచన కూడా చేశాడు.

వదిన ఇప్పుడు ఆచార్యురాలు. ఇంట్లో అందరికీ సంతోషంగా ఉంది. రికార్డుల ప్రకారం ఆ పుస్తకాన్ని చదవని ఒకే ఒక్క మనిషి బాబాయి. ఆయన దాన్ని రెండోసారి చదువుతున్నాడు.

నిన్న ఎవరో కొత్త రచయిత్రి పుస్తకం సంతకం కోసం వదినకు వచ్చింది. చరిత్ర మీదట, ఆరు వందల పేజీలు. వదిన కళ్లజోడు పెట్టుకుని, పుస్తకాన్ని బోర్లా తిప్పి, వెనక అట్ట తెరిచింది.