అందరికీ మూడు నిమిషాలే

నిజాంపేటలోని ఇంట్లో ఇడ్లీ తింటూనే చలపతిరావు ఆ రోజంతటికీ ప్లాన్ వేసేసుకున్నాడు. పదకొండింటికి డెమో, పదకొండున్నరకు సంతకాలు, పన్నెండున్నరకు టీమ్‌కి బిర్యానీ. ఇరవై రెండేళ్లుగా హైటెక్ సిటీలో ప్రాజెక్టులు నడుపుతున్న మనిషాయె. ఆయన ప్లాన్‌లో తప్పు దొర్లితే అది లోకం తప్పే గాని ఆయనది కాదు.

ప్రాజెక్టు పెద్దదేమీ కాదు, పుణ్యం వచ్చేది. దివ్యాంగులు బస్ పాస్ కోసం దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటు. ఫారం నింపడానికి మూడు నిమిషాలు గడువు. అది దాటితే నింపిందంతా చెరిగిపోయి కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ గడువు చలపతిరావు సొంత ఆలోచన, అందుకని దానిమీద ఆయనకు కాస్త ముద్దు కూడా ఉంది.

చిక్కల్లా మహేందర్‌తో వచ్చింది. మెదక్ నుంచి వచ్చిన మహేందర్‌కు చూపు లేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాడు. సైటు చూపులేనివాళ్లకు పనికొస్తుందని పరీక్షించి సంతకం పెట్టవలసింది అతనే. వారం కిందటే వచ్చి విషయం చెప్పాడు.

"సార్, ఫారం చదివి వినిపించనీకే రెండున్నర నిమిషాలు పడ్తది. ఇగ నింపేదెప్పుడు? టైం అయిపోయే ముందు జర చెప్పాలె. ఒక్క మీట నొక్కితే ఇంకింత టైం ఇయ్యాలె."

"అందరికీ ఒకటే రూలు మహేందర్. ఒకరికి పెంచితే అందరూ అడుగుతారు."

అయినా మనసున్నవాడు కనుక చలపతిరావు సగం కోరిక తీర్చాడు. చివరి నిమిషంలో ఒక గొంతు సెకన్లు లెక్కపెట్టేలా చేయించాడు. మీట సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఇక సంతకం పెట్టేయమనీ, నెలాఖరుకు ముగిసే అతని కాంట్రాక్టు పొడిగింపు కాగితం తన టేబుల్ మీదే ఉందనీ నవ్వుతూ గుర్తుచేశాడు. ఆ కాగితం రాకపోతే మహేందర్ హఫీజ్‌పేట్‌లో గది ఖాళీ చేసి మెదక్ బస్సెక్కాల్సిందే. భయమేసింది. అయినా డెమో అయ్యాకే సంతకం పెడతానన్నాడు.

పదకొండింటికి సైటు చేయించుకుంటున్న ఆఫీసు నుంచి జయలక్ష్మి వచ్చింది. ఏసీ పనిచేయక మీటింగ్ గది తలుపులు తెరిచే ఉంచారు. ఆవిడకు బాగా వినిపించాలని చలపతిరావు స్పీకరు పూర్తిగా పెంచాడు. మహేందర్ పేరు నింపి చిరునామా దగ్గరికి వచ్చేసరికి గొంతు అందుకుంది.

"యాభై తొమ్మిది సెకన్లు మిగిలి ఉన్నాయి. యాభై ఎనిమిది. యాభై ఏడు..."

ఆ గొంతు ఊపిరి కూడా తీసుకోలేదు. ఏ గడిలో ఉన్నాడో మహేందర్‌కు చెప్పాల్సిన మాట అంకెల కింద మునిగిపోయింది.

ఆ వారంలో చెప్పాపెట్టకుండా ఫైర్ డ్రిల్ ఉంటుందని బిల్డింగ్ వాళ్లు అందరికీ మెయిల్ పంపి ఉన్నారు. గది బయటున్న సెక్యూరిటీ సాయిలుకు ఆ అంతస్తును ఖాళీ చేయించే బాధ్యత కూడా ఉంది. పోయినసారి విజిల్ ఆలస్యంగా ఊదాడని మెమో తిన్నాడు. ఈసారి ఆ లెక్క డ్రిల్‌దే అనుకుని, నలభై ఐదు వినపడగానే ఊదేశాడు.

ఎనిమిదో అంతస్తు కదిలింది. దాన్ని చూసి ఏడు, ఏడును చూసి ఆరు. లిఫ్టులు ఆపేశారు. మెట్లు లెక్కపెట్టి ఉంచుకున్న మహేందర్ ముందు దిగుతుంటే జయలక్ష్మి అతని వెనకాలే దిగింది. ఆ గొంతు తమ వెబ్‌సైటుదేనని చలపతిరావు మెట్ల దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు. ఎవరూ ఆగలేదు. ఎవరు ఆపినా ఆగొద్దని ట్రైనింగ్‌లో చెప్పారట. చివరికి ఆయనా నొప్పెడుతున్న మోకాలు పట్టుకుని దిగడం మొదలుపెట్టాడు.

కింద, డ్రిల్ రూలు ప్రకారం ఐదు నిమిషాలు కాగానే సాయిలు రాని ఒక్కడి పేరు రిజిస్టరులో 'లోపల చిక్కుకున్నవారు' అన్నచోట రాశాడు. ఇద్దరు స్ట్రెచర్‌తో పైకి పరిగెత్తారు. మూడో అంతస్తులో చలపతిరావు దొరికాడు. నడుస్తానని ఆయన మొత్తుకున్నా, టైం అయిపోయింది కాబట్టి ఇక పేషెంటేనని పడుకోబెట్టి మోసుకొచ్చారు.

"మోకాలు నొప్పి ఉన్నవాడు ఐదు నిమిషాల్లో ఎనిమిది అంతస్తులు ఎలా దిగుతాడయ్యా? మనిషిని బట్టి ఇంకాస్త టైం ఇవ్వొద్దూ?" అన్నాడు స్ట్రెచర్ మీంచి, మూడు వందల మంది ముందు.

"రూలు అందరికీ ఒకటే సార్," అన్నాడు సాయిలు.

"గదే సార్, వారం సంది నేను మొత్తుకుంటున్నది," అన్నాడు మహేందర్.

ఏమిటది అని జయలక్ష్మి అడిగింది. మహేందర్ మీట సంగతితో సహా అంతా చెప్పాడు. ఆవిడ సంచీలోంచి కాగితాలు తీసినట్టే తీసి మళ్లీ లోపల పెట్టేసింది.

"ముందు మహేందర్ గారి సంతకం పడాలండీ. తర్వాతే నాది."

చలపతిరావు లేచి కూర్చున్నాడు. మహేందర్ కాంట్రాక్టును రెండేళ్లు పొడిగిస్తూ ఆయన సంతకం ఆ మధ్యాహ్నమే పడింది. మూడు రోజుల్లో సైటు మారింది. గడువుకు ముందు ఒక్కసారే నెమ్మదిగా చెబుతుంది, ఏ మీట నొక్కినా టైం పెరుగుతుంది, నింపింది ఎక్కడికీ పోదు. మహేందర్ తాపీగా ఏడు నిమిషాలు తీసుకుని ఫారం పూర్తిచేసి, సంతకం పెట్టాడు. మనిషిని బట్టి టైం అనేది తన సిద్ధాంతమని చలపతిరావు ఇప్పుడు ప్రతి మీటింగులోనూ చెబుతున్నాడు.

తర్వాతి డ్రిల్‌కి సాయిలు రిజిస్టరులో ఆయన పేరు పక్కన 'అదనపు టైం' అని రాసుకున్నాడు, స్ట్రెచర్ మాత్రం ముందే తెచ్చి మూడో అంతస్తులో పెట్టించాడు.