మిస్ విట్‌కోమ్‌ను ఎక్కడ దింపాలి?

ఆ బుధవారానికి ఎర్లిందా వేసుకున్న పథకంలో ఎక్కడా దయ్యం లేదు. పొద్దున అంత్యక్రియలు. తర్వాత ఏదో ఒక పెద్ద షాపులో కాసేపు తిరగడం. ఇంటికి వచ్చి నూడుల్స్ వండటం. మూడింటికి ఫాదర్ బ్రెండన్ వచ్చి కొత్త అద్దె ఇంటి మీద మంత్రజలం చల్లి ఆశీర్వదించడం. అంతే.

షాపులో తిరగడం సరదా కోసం కాదు. ఎర్లిందాది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో. వాళ్ల వైపు చావు చూసి వచ్చినవాళ్లెవరూ నేరుగా ఇంటికి వెళ్లరు. వెళితే పోయినవాళ్లు వెంట వస్తారని నమ్మకం. దారిలో ఎక్కడైనా ఆగి, నలుగురిలో కలిసి, వెంటపడ్డవాళ్లను అక్కడ దులిపేసుకుని మరీ ఇల్లు చేరాలి. 'పగ్‌పగ్' అంటారు దీన్ని. ఆదివారం పూజ ఒక్కటీ తప్పని, చర్చి కోయిర్‌లో ముందు వరుసలో పాడే ఎర్లిందాకు ఈ మాట బైబిల్లో లేదని బాగా తెలుసు. కారెక్కితే సీటు బెల్టు పెట్టుకోవాలని కూడా బైబిల్లో లేదు. అయినా పెట్టుకోవడం లేదూ?

పోయినావిడ మిస్ విట్‌కోమ్. పామర్‌స్టన్ నార్త్‌లో ఎర్లిందా పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో కిటికీ పక్క గది ఆవిడది. తొంభైకి దగ్గర పడిన పెద్దమనిషి. ఒంటికి లావెండర్ పౌడరు, చేతికి అందేంత దూరంలో ఒక చిన్న వెండి గంట. టీ కావాలంటే ఆ గంట మూడుసార్లు కొట్టేది. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు కాదు. ఎర్లిందా వెళ్లి, మోచెయ్యి అందించి, "టీ రెడీ అయింది, మిస్ విట్‌కోమ్, రండి వెళ్దాం" అంటేనే కుర్చీలోంచి లేచేది. శనివారం ఎర్లిందా డ్యూటీలో ఉండగానే ఆవిడ నిద్రలో కన్నుమూసింది. ఆ రోజు నుంచే గంట కనిపించడం లేదు.

అంత్యక్రియలు ముగిశాక శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర మేనేజర్ ఎర్లిందాను పక్కకు పిలిచింది. "ఆ గంట కోసం వాళ్ల మేనల్లుడు వెల్లింగ్టన్ నుంచి వచ్చాడు. ఆ రోజు గదిలో చివరగా ఉన్నది నువ్వే. సాయంత్రంలోగా దొరక్కపోతే నేను పోలీసులకు చెప్పక తప్పదు. నీ వర్క్ పర్మిట్ విషయం కూడా నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందిగా?"

గుర్తు లేకేం! ఆ పర్మిట్ మీదే కొత్త ఇల్లు నిలబడి ఉంది. ఎర్లిందా కొరికిన శాండ్‌విచ్ తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

తిరుగు ప్రయాణంలో పక్క సీటులో నిరుపమ కూర్చుంది. కాకినాడ పిల్ల. అదే రెస్ట్ హోమ్‌లో వంటగదిలో పని. ఫిలిప్పీన్స్ వాళ్లంతా ఎర్లిందాను 'ఆతే' అని, అంటే అక్కా అని పిలుస్తుంటే తనూ అదే అలవాటు చేసుకుంది. ఊరంతా మంచు కమ్మేసింది. కొండల మీది గాలిమరలు ఒక్కటీ కనబడటం లేదు.

"దారిలో షాపు దగ్గర ఐదు నిమిషాలు ఆపుతాను నిరూ" అంది ఎర్లిందా.

"షాపా! చావు దగ్గర్నుంచి వస్తూ నలుగురినీ ముట్టుకుంటామా ఆతే? ముందు ఇంటికి పోనీ. తలమీద నీళ్లు పడాలి."

"నేరుగా ఇంటికా? నీకేమైనా మతి పోయిందా?"

"మధ్యలో ఎక్కడైనా ఆగామని తెలిస్తే మా అత్తయ్య నన్ను గడప తొక్కనివ్వదు."

"ఎక్కడా ఆగలేదని తెలిస్తే మా అత్తగారు ఇలోయిలో నుంచి ఫోన్లోనే నా పీక నొక్కుతుంది!"

ఇద్దరత్తగార్లు, ఇద్దరూ లేకుండానే, ఆ చిన్న కారు స్టీరింగును చెరోవైపు లాగుతున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎర్లిందాకు ఒక ఆలోచన మెరిసింది. నిరుపమ ఇల్లు నిరుపమకు ఇల్లే. కానీ ఎర్లిందాకు అది 'దారిలో ఆగే చోటు' కాదూ? స్నేహితురాలి ఇంటి గురించి చేయవలసిన ఆలోచన కాదది. కానీ టైము లేదు, నూడుల్స్ నానబెట్టలేదు.

"సరే, మీ ఇంటికే పోదాం. ఒక్క నిమిషం లోపలికి వచ్చి వెళ్తాను" అంది తేనె కలిపిన గొంతుతో.

"రా. కానీ ఏమీ ముట్టుకోకు. ఇంకో సంగతి, మిస్ విట్‌కోమ్ పోయిందని మా అత్తయ్యకి తెలీదు. జ్వరం తగ్గి వారం కాలేదు, బెంగ పెట్టుకుంటుందని దాచాను. ఇద్దరూ మంచి దోస్తులు కదా!"

నిజమే. ఆదివారాల్లో నిరుపమ అత్తగారు శకుంతల రెస్ట్ హోమ్‌కు వచ్చి మిస్ విట్‌కోమ్ పక్కన కూర్చునేది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది, ఈవిడ తెలుగులో చెప్పేది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడంతో గొడవలకు ఆస్కారమే లేకపోయింది. విమానంలో వచ్చేటప్పుడు తన పూజ గంట నాలుక విరిగిపోయిందని శకుంతల సైగలతో చెబితే, మిస్ విట్‌కోమ్ కళ్లు తుడుచుకుందని నిరుపమ ఒకసారి నవ్వుతూ చెప్పింది.

నిరుపమ వెనక తలుపు నుంచి నేరుగా స్నానాలగదిలోకి దూరింది. ఎర్లిందా ముందు తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లింది. లోపల బయటికంటే చలిగా ఉంది. కిటికీ అద్దాల మీద మంచు తెల్లగా పేరుకుంది. కాళ్లు పట్టా మీద దులుపుకుని, భుజాలు దులుపుకుని, మనసులోనే వీడ్కోలు చెప్పి వెనక్కి తిరగబోయింది.

అప్పుడు లావెండర్ వాసన వచ్చింది.

ఆ వెంటనే, ఇంట్లో ఎక్కడో, గంట మోగింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఆగిపోయింది.

ఎర్లిందా గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. శిలువ గుర్తు వేసుకుంది. పగ్‌పగ్ ఇంత చప్పున పనిచేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. దులిపేసింది సరే, ఎక్కడ దులిపింది? జ్వరం నుంచి అప్పుడే లేచిన ముసలావిడ ఇంట్లో! ఈ పాపం కన్ఫెషన్‌లో చెప్పుకోవాలి. చెప్పుకుందామంటే ఉన్న ఒక్క ఫాదరూ మూడింటికి తన ఇంటికే భోజనానికి వస్తున్నాడు.

లేదు, తెచ్చినదాన్ని తనే తీసుకుపోవాలి. ఎర్లిందా గొంతు సవరించుకుని, ఖాళీ హాలు వైపు మోచెయ్యి చాపింది.

"టీ రెడీ అయింది, మిస్ విట్‌కోమ్. రండి వెళ్దాం."

మోచేతికి చల్లగా ఏదో తగిలింది. పామర్‌స్టన్ నార్త్‌లో హీటరు లేని ఇళ్లన్నీ అంతేనని తనకు తనే చెప్పుకుంది. మెల్లగా, పెద్దవాళ్లను నడిపించే అలవాటుకొద్దీ చిన్న చిన్న అడుగులు వేస్తూ తలుపు దాకా వచ్చింది. తిరిగి చూస్తే పూజగది గుమ్మంలో శకుంతల నిలబడి ఉంది.

ఎర్లిందా సిగ్గుతో చచ్చిపోయింది. ముసలావిడ మాత్రం కేకలు వేయలేదు. చిరునవ్వు నవ్వి, చెయ్యి ఊపి, "మెల్లిగా దిగండమ్మా, మెట్లు తడిగా ఉన్నాయి" అంది. ఆ తెలుగు ఎర్లిందాకు ముక్క అర్థం కాలేదు. తల ఊపి బయటపడింది.

కారు స్టార్ట్ చేయగానే పింగ్ పింగ్‌మని మొత్తుకుంది. పక్క సీటు బెల్టు పెట్టుకోలేదని. పక్క సీటులో ఎవరూ లేరు. జపాన్ నుంచి దిగిన పాత కారు, దాని తిక్క దానిది. ఎర్లిందా పక్కకు వంగి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగించింది. పింగ్ ఆగిపోయింది.

దారి పొడవునా ఆమె పక్కకు చూడలేదు.

మలుపులో కిషన్‌రావు డెయిరీ ఉంది. డెయిరీ అంటే పశువులు ఉండవు. పాలు, రొట్టె, పేపరు అమ్మే వీధి చివరి కొట్టు. నలుగురూ వచ్చిపోయే చోటు, వదిలిపెట్టడానికి ఇంతకంటే మంచిది దొరకదు. ఎర్లిందా కారు తలుపు తెరిచి, మోచెయ్యి చాపి, లోపలికి నడిచి, ఐస్‌క్రీమ్ ఫ్రీజరు మూత జరిపింది.

"మీకిష్టమైన హోకీ పోకీ ఐస్‌క్రీమ్ ఉంది చూడండి. తీరిగ్గా ఎంచుకోండి. నేను మళ్లీ వస్తాను" అంది. చివరి మాట అబద్ధం.

హైదరాబాద్ నుంచి వచ్చి పదేళ్లయినా కిషన్‌రావు ఇంగ్లీషుకు ఆ ఊరి నడక పోలేదు. "ఎవరితోని మాట్లాడుతున్నవ్ సిస్టర్?"

"ప్రార్థన చేసుకుంటున్నాను."

"ఐస్‌క్రీమ్ ముంగటనా?"

"దేవుడు ఎక్కడైనా ఉంటాడు కదా."

"ఉంటడు, నేను కాదంటలేను. గానీ జర మూత పెట్టి చెయ్. కరెంటు బిల్లు దేవుడు కట్టడు."

ఎర్లిందా మూత పెట్టి, ఒక్క గంతులో బయటికి ఉరికింది. గుండె తేలికైంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి పిలుపు.

"ఎర్లిందా! దేవుడే పంపాడమ్మా నిన్ను!"

ఫాదర్ బ్రెండన్. చేతిలో పాల సీసా, బిస్కెట్లు. ఆయన వస్తున్నది డెయిరీ లోపలి నుంచి, ఫ్రీజరు పక్క నుంచి.

"నా కారు కదలనంటోంది. ఎలాగూ మీ ఇంటికే కదా" అంటూ ముందు తలుపు తీసేశారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదనడానికి ఆయన ఫాదరు, ఔనంటే వెంట ఎవరొస్తున్నారో తెలియదు. ఫాదర్ సీటులోకి చూసి ఆగారు. "ఇదేంటి, బెల్టు పెట్టే ఉందే?" దాన్ని ఊడదీయడానికి కాసేపు పెనుగులాడారు. కూర్చున్నాక ఎందుకో తలుపు వైపుకు ఒదిగారు.

"సీటు ఇరుకమ్మా నీ కారులో. ఆ హీటరు కొంచెం పెంచు."

హీటరు పూర్తిగా తిప్పే ఉంది. 

"ఫాదర్, ఇంకెక్కడైనా ఒక్క నిమిషం ఆగుదామా?"

"ఎందుకు?"

"ఊరికే. ఏదైనా షాపులో తిరుగుదాం."

"నేను పొద్దున నుంచి ఏమీ తినలేదు, ఎర్లిందా."

ఇంటి ముందు కోయిర్ వాళ్లంతా గుమిగూడి ఉన్నారు. భర్త డాంటే అప్పుడే పాలఫారం నుంచి వచ్చి వేపుళ్లు వేయించి, పళ్లెంలో పెట్టి ఎదురొచ్చాడు. "దారిలో ఎక్కడైనా ఆగావా?" అని గుసగుసగా అడిగాడు. "రెండుచోట్ల" అంది ఎర్లిందా. ఏడుపొక్కటే తక్కువ.

ఫాదర్ మంత్రజలం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఈ ఇంటికి శాంతి కలుగు గాక. ఇందులోకి వచ్చే ప్రతి ఒక్కరికీ..."

వాకిట్లో గంట మోగింది. మూడుసార్లు.

డాంటే చేతిలోని పళ్లెం నేలపాలైంది. కోయిర్‌లో ఎవరో కెవ్వుమన్నారు. ఫాదర్ నోట ప్రార్థన సగంలో నిలిచిపోయింది. మంచులోంచి ఒక తెల్లటి ఆకారం మెట్లెక్కి వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్న నిరుపమ. వెనకే శకుంతల, చేతిలో వెండి గంట.

"కొట్టొద్దంటే వినరే అత్తయ్యా!" అని, నిరుపమ రొప్పుతూ ఎర్లిందా చెయ్యి పట్టుకుంది. "ఆతే, గంట మా పూజగదిలోనే ఉంది! స్నానం చేసి వచ్చి చూశాను. నా ప్రాణం పోయిందనుకో. మిస్ విట్‌కోమ్ మా అత్తయ్యకి ఇచ్చేసిందట, పూజకని."

అంతేనా! తను విన్నది పూజ గంటా? ఎర్లిందా మెట్టు మీద కూలబడింది. దయ్యమూ లేదు, దొంగతనమూ లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఫాదర్ కూడా ఊపిరి పీల్చుకుని, సంగతంతా విని, భుజం తట్టారు.

"మీ మేనేజర్‌కు నేను ఫోన్ చేస్తాను. నా మాట కాదనదు. నిరుపమా, ఆవిడ గంట ఎప్పుడు ఇచ్చిందో ఒక్కటి కనుక్కో. ఆవిడ పోవడానికి ముందు ఆదివారమే కదా?"

నిరుపమ అత్తగారి వైపు తిరిగింది. శకుంతల మాత్రం అక్కడున్న ఒక్కొక్కరినీ పరకాయించి చూస్తోంది, ఎవరినో వెతుకుతున్నట్టు.

"ఆవిడ గంట ఎప్పుడిచ్చింది అత్తయ్యా?"

"ఇవాళ పొద్దునే. నువ్వటు వెళ్లావు, ఆవిడ ఇటు వచ్చింది. మూడుసార్లు కొట్టి చూపించి మరీ ఇచ్చింది. కాసేపు కూర్చోమంటే టీ వేళయ్యే దాకా కూర్చుంది."

నిరుపమ ముఖంలో రంగు మారింది. చిన్న గొంతుతో ఇంగ్లీషులో చెప్పింది. అందరూ శకుంతల వైపు తిరిగారు.

"ఏం, అట్లా చూస్తారు?" అంది శకుంతల. "ఇదిగో, ఈ అమ్మాయే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. గుమ్మంలోంచి చూశాను, ముందు సీటులో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టింది, పాపం, ఎంత మంచి పిల్లో! అవునూ, ఏదీ ఆవిడ? ఎక్కడ దింపావమ్మా?"

నిరుపమ ఆ మాటలు ఒక్కొక్కటే మార్చి చెబుతుంటే, ఎర్లిందా చూపు తనకు తెలియకుండానే ఫాదర్ వైపు తిరిగింది. ఫాదర్ తన ఎడమ భుజం తడుముకుని చూసుకుంటున్నారు. ఆయన కోటు మీద సన్నగా తెల్లటి పౌడరు. లావెండర్ వాసన.

తర్వాత ఆయన ఫోన్ అందుకున్నారు. గంట దొరికిందని, మిస్ విట్‌కోమ్ స్వయంగా స్నేహితురాలికి కానుకగా ఇచ్చిందని, ఎర్లిందా తప్పేమీ లేదని మేనేజర్‌తో చెప్పారు. ఎప్పుడు ఇచ్చిందని అవతల నుంచి అడిగినట్టున్నారు. నలభై ఏళ్లుగా అబద్ధమాడని మనిషి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "వాళ్లిద్దరూ చివరిసారి కలిసినప్పుడు" అన్నారు.

మేనల్లుడు గంట శకుంతల దగ్గరే ఉండనివ్వమన్నాడు. మేనేజర్ గురువారం పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టేసింది. ఆ బుధవారం సాయంత్రమే, భోజనాలయ్యాక ఎర్లిందా కారు తాళాలు తీసి, "డెయిరీ దగ్గర దింపుతాను రండి, ఫాదర్" అంది.

నడక ఒంటికి మంచిదని ఆయన మంచులో నడిచే వెళ్లిపోయారు. ఆయన కారు మాత్రం మరో వారం కిషన్‌రావు డెయిరీ ముందే ఉంది.