హలోగారి ఉన్నత విద్య

"ఉద్యోగి చదువుకుంటానంటే ఫీజు కట్టే పూచీ ఇకపై మా శాఖది" అని మంచినీటి మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, ఆయన ఆ మాట మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేసరికి ఆయనకే నమ్మకం కుదిరింది. నీళ్ళిచ్చే శాఖలు లోకంలో చాలా ఉన్నాయనీ, నీళ్ళకు బదులు చదువిచ్చే శాఖ మనదొక్కటేననీ కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు.

వెనక వరసలో కూర్చున్న హలోగారు కుర్చీ అంచుకు జరిగింది. హలోగారంటే ఆ శాఖలో ఫిర్యాదుల ఫోను ఎత్తే గుమస్తా. కుళాయిలో నీళ్ళు రాకపోయినా, వచ్చినవి నల్లగా ఉన్నా జనం ఆవిడనే తిడతారు. పొద్దస్తమానం హలో అనీ అనీ అసలు పేరు మరుగునపడింది. పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీ ఆఖరి సంవత్సరం పూర్తిచేస్తే, మేడమీద ఖాళీగా ఉన్న సూపర్‌వైజరు కుర్చీ ఆవిడదే. ఆ కుర్చీ దగ్గర ఫోను లేదు. ఆవిడ కోరిక అంతకు మించి లేదు.

అప్లికేషను పెట్టింది ఆవిడొక్కతే. శాఖ డబ్బుతో చదివితే తర్వాత పని కూడా చేయమంటారేమోనని మిగతావాళ్ళు జంకారు. ఫీజు మాత్రం వారం తిరక్కుండా కట్టేశారు. ఈ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. సాయంత్రం పూట నడిచే కాలేజీలో సీటు దొరికింది. అత్తగారు "వంట సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు పాసై రా" అంది. ఆ మాటకు హలోగారు మేడెక్కి కరువుతీరా ఏడ్చింది. సంతోషంతోనే.

మొదటి క్లాసు రోజు మంత్రిగారి పీఏ కారుతో వచ్చాడు.

"ఎక్కండమ్మా, సన్మానం."

"ఎవరికండీ?"

"మీకే. పథకంలో మొదటి లబ్ధిదారు మీరు."

"నేనింకా ఏమీ చదవలేదండీ."

"చదివాక ఎవరైనా చేస్తారమ్మా. ముందే చేయడంలోనే ఉంది సార్ దూరదృష్టి."

సన్మానం బాగా జరిగింది. బాగా జరిగింది కాబట్టి పక్క ఊళ్ళో మళ్ళీ జరిపారు. ఆ పక్క ఊరు అలిగితే అక్కడా జరిపారు. మంత్రిగారికి ఎండ పడదు గనక సభలన్నీ సాయంత్రాలే. కాలేజీ కూడా సాయంత్రమే. వేదిక మీద ఆవిడ పక్క కుర్చీ పథకం సలహాదారుది. ఆ సలహాదారు మరెవరో కాదు, సాక్షాత్తూ ఆ కాలేజీ ప్రిన్సిపాల్. ఇంట్లో తలుపులు గాలికి కొట్టుకోకుండా అత్తగారు ఒక్కో తలుపుకూ ఒక్కో జ్ఞాపిక అడ్డం పెట్టింది. తలుపులైపోయాయి, జ్ఞాపికలు అయిపోలేదు.

సభలకని ఆవిడ మధ్యాహ్నమే కారెక్కాల్సి రావడంతో ఫోను ఎత్తే దిక్కు లేక ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయి. చదువుతో నీటి కరువు తీరుతోందని మంత్రిగారు శాసనసభలో రుజువు చేశారు. ప్రతిపక్షమూ బల్లలు చరిచింది.

పరీక్షల ముందు ప్రిన్సిపాల్ పిలిపించాడు.

"హాజరు చాలదమ్మా. పరీక్షకు కూర్చోనివ్వను."

"నేనెక్కడున్నానో మీకు తెలుసు కదండీ. ప్రతి సభలో నా పక్కనే ఉన్నారు."

"అందుకేగా ఇంత గట్టిగా చెప్తున్నాను, క్లాసులో లేరని. కళ్ళారా చూశాను."

హలోగారికి ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి తెగించి, తిన్నగా మంత్రిగారి గదిలోకే వెళ్ళింది. "సన్మానాలు వద్దండీ. పరీక్ష రాయనిస్తే చాలు" అంది. మంత్రిగారి మనసు వెన్న. వెంటనే ఫోనందుకున్నారు.

"మా అమ్మాయిని ఆపుతావటయ్యా? రాయనివ్వు" అని ప్రిన్సిపాల్‌ని కసిరి, ఆవిడతో "వెళ్ళు తల్లీ, చదువుకో. ఆ రోజు నేనే వచ్చి నాలుగు మంచి మాటలు చెప్తా" అన్నారు.

ఆ చివరి మాట హలోగారు పట్టించుకోలేదు. ఫిర్యాదుల ఫోను ఎత్తేవాళ్ళకు అవతలివాళ్ళ చివరి మాట వినే అలవాటు ఉండదు. పుస్తకమంతా తిరగేసింది. అత్తగారు ఎక్కడ వేలు పెట్టి అడిగితే అక్కడ గడగడా అప్పజెప్పింది. పరీక్ష తప్పనన్న ధీమా కూడా వచ్చింది.

పరీక్షనాడు హాల్లో అడుగుపెడితే ఎదురుగా వేదిక, మైకు, పూలగుత్తులు. బెంచీలన్నీ అటే తిప్పి ఉన్నాయి. తోటి విద్యార్థులు బుద్ధిగా కూర్చున్నారు. పీఏ ఆవిడకు వేదిక మీద మధ్య కుర్చీ చూపించాడు.

"పరీక్షండీ..."

"సార్ రెండు ముక్కలు మాట్లాడి దిగిపోతారమ్మా."

రెండు ముక్కలతో కూర్చునే మనిషైతే ఆయన మంత్రెందుకు అవుతారు? పరీక్ష వేళ దాటిపోయింది. లేచి వెళ్తే ఎక్కడ ఫెయిలవుతామోనని బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు, దగ్గలేదు. ఇంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్ళు ఆయనకు అంతవరకూ తగల్లేదు. ఆయన కరిగిపోయారు.

"ఇంత ఓపిక ఉన్న బిడ్డలకు వేరే పరీక్ష దేనికి? ఈ బెంచీల మీదున్న వాళ్ళందరూ పాస్" అన్నారు. హాలు దద్దరిల్లింది. ప్రిన్సిపాల్ అప్పటికప్పుడు కాగితం తెప్పించి బెంచీల వెంట సంతకాలు పెట్టించాడు. హలోగారు లేచి కిందికి రాబోయింది. "కదలకండమ్మా, ఫొటో" అన్నారు విలేకరులు. ఫొటో అయ్యేసరికి కాగితం తిరిగొచ్చేసింది.

"నా సంతకమండీ" అంది ప్రిన్సిపాల్‌తో.

"మీరు బెంచీ మీద లేరు కదమ్మా. మంత్రిగారి నోట వచ్చిన మాట దిద్దడానికి నేనెంతవాణ్ణి?"

సంగతి మంత్రిగారి చెవిన పడింది. ఆయన మళ్ళీ మైకు దగ్గరికి నడిచారు.

"ఈ తల్లి దిగులుపడనక్కర్లేదు. వచ్చే ఏడాది ఫీజు కూడా మా శాఖే కడుతుంది."

పాసైనవాళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వేదిక మీద ఉన్నందుకు హలోగారూ కొట్టాల్సి వచ్చింది.