నొక్కిన వెంటనే నీళ్లు

"ఇకమీదట మన రాష్ట్రంలో దాహానికి సాఫ్ట్‌వేరే సమాధానం!" అని ట్యాంకర్ల శాఖ మంత్రి వీరభద్ర గారు కర్నూలు సభలో ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ రాస్తున్న నాగలత కూడా ఉంది. ఓర్వకల్లు దగ్గర ఆమె ఊళ్లో తాగడానికి చుక్క లేదు. తన ప్రోగ్రామ్ నడిస్తే ట్యాంకర్ తమ ఊరికీ వస్తుందని ఆమె ఆశ.

నాగలత పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్కో ట్యాంకర్‌కు ఒక్కో ప్రాసెస్ పెట్టింది. డ్రైవర్‌కు దారి చెప్పేది అదే. ప్రోగ్రామర్ల మాటల్లో ప్రతిదీ ఒక 'యాక్టర్'. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టదు, మెసేజ్ పంపుతుంది, అంతే.

మంత్రిగారు మురిసిపోయారు. "మా సెక్రటేరియట్ నడిచేది ఇట్లనే గదమ్మా!"

"ఒక్కటే తేడా సార్. ఇవి వచ్చిన మెసేజ్ చదువుతాయి."

మంత్రిగారు ఆ లోపాన్ని పెద్దమనసుతో క్షమించారు. చిక్కు స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ అనే పద్ధతి దగ్గర వచ్చింది.

"మీరు బటన్ నొక్కగానే పైన పేరెంట్ ప్రాసెస్ మొదలవుతుంది సార్. తను పంపిన పిల్లలు, అంటే ట్యాంకర్ల ప్రాసెస్‌లన్నీ, పని ముగించేదాకా అది కదలదు, 'అయిపోయింది' అనదు."

పీఏ వసంతకుమార్ ముఖం పాలిపోయింది. "అంటే బటన్ నొక్కి, నీళ్లు దించేదాకా సార్ నిలబడాల్నా? శంకుస్థాపన చేసి, బిల్డింగ్ లేచేదాకా సార్ యాడన్నా నిలబడినారా?"

నిజమే. ఇన్నేళ్ల ప్రజాజీవితంలో ఏ పనికైనా చివరిదాకా ఉన్నారన్న మచ్చ మంత్రిగారికి లేదు.

"ఆ ఆగే లైను తీసేయమ్మా," అన్నారాయన.

"తీసేస్తే పేరెంట్ ముందే 'అయిపోయింది' అనేసి వెళ్లిపోతుంది సార్. పిల్లలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి."

"నాయకుడు పోయినాక కార్యకర్తలు ఉంటారా? తీసేయ్."

నాగలతకు ఒళ్లు మండింది. కాదంటే ప్రోగ్రామే మూలన పడుతుందని, పళ్లు కొరుక్కుంటూ తీసేసింది.

ప్రారంభోత్సవం ఆమె ఊళ్లోనే పెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు. రెప్ప వేసేలోపు తెర మీద ఊళ్లన్నీ పచ్చబడ్డాయి. పచ్చ రంగంటే నీళ్లు అందినట్టే. గంట ప్రసంగం ముగిశాక, జనంలోంచి నాగలత పెద్దమ్మ హులిగెమ్మ ఖాళీ బిందెతో లేచింది.

"నీళ్లు యాడ సామీ?"

"ఈడ పచ్చగా ఉండాది గదమ్మా!" మంత్రిగారు తెర చూపించారు.

"బిందెలో లేవు గదప్పా!"

"బిందె ఇంకా అప్‌డేట్ కాలేదు," అన్నాడు వసంతకుమార్.

నాగలత పక్కకెళ్లి ట్యాంకర్ డ్రైవర్‌కు ఫోన్ చేసింది.

"గోపన్నా, యాడుండావు?"

"ఊరి బయటే ఉండానమ్మా. బయల్దేరంగానే సెల్లులో దారి ఆగిపోయె, 'పని అయిపోయింది' అని వచ్చె. నీళ్లు ఊరికే ఎందుకుండాలని, ఆఫీసర్లు సారు హెలికాప్టర్ కాడ దుమ్ము లేయకుండా చల్లమనిరి. అంతా చల్లేసినా."

మంత్రిగారు కడపలో ఇంకో ప్రారంభోత్సవానికి బయల్దేరారు. వెనకే పరుగెత్తిన నాగలత హెలికాప్టర్ దగ్గర అందుకుంది. ఆమె నోరు తెరిచేలోపే, ఆయన తడినేలనూ మాసిపోని తన తెల్లచొక్కానూ చూసుకుని నవ్వారు.

"పోయినసారి ఈడ ఎంత దుమ్ము తల్లీ! నీ సిస్టమ్ శానా బాగా పనిచేస్తాండాది."